రిపీటక్క పెట్టని సంతకం

పోయిన నెల రిపీటక్క రిటైరైంది. ఆఫీసు వాళ్లు ఒక కాగితం అచ్చు వేయించి, గాజు ఫ్రేములో బిగించి ఆమె చేతిలో పెట్టారు. "సౌమ్యులు, ఓర్పు గలవారు, అందరితో కలుపుగోలుగా మెలిగేవారు" అని అందులో ఉంది. వెనక వరసలో కూర్చుని వింటున్న నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెకి ఓర్పు లేదు. సౌమ్యత మచ్చుకైనా లేదు. కలుపుగోలుతనం సంగతి మా వార్డు ఫోనుని అడిగితే చెబుతుంది. ఎప్పుడో ఎవరికోసమో రాసిపెట్టుకున్న మాటలు తెచ్చి ఈమె నెత్తిన రుద్దారు. ఆమె మాత్రం ఫ్రేము తీసుకుని, ఒకసారి చదివి, వెనక్కి తిప్పి, గోడకి తగిలించే కొక్కెం గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. అందుకే ఇది రాస్తున్నాను. ఒక్క కాగితం మీదైనా ఆమె గురించి ఉన్నదున్నట్టు ఉండాలి.

నేను నర్సుని. మా ఆసుపత్రి మూడో అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు ఉంది, నా ఉద్యోగం దాదాపు అంతా అక్కడే. ఒక్కో బిడ్డనీ ఒక్కో వెచ్చటి గాజు పెట్టెలో ఉంచుతాం. ఆమె అదే భవనంలో నేలకింది అంతస్తులో, నడవా చివరి గదిలో, రక్తంలో లవణాలు చూసే ల్యాబులో పనిచేసేది. సోడియం, పొటాషియం, కాల్షియం. మన ఒంట్లో తిరిగే రక్తం ఒకరకంగా ఉప్పునీళ్లే. ఆ ఉప్పుల పాళ్లు తప్పితే గుండె లయ తప్పుతుంది. పెద్దవాళ్లు కొంత తట్టుకుంటారు. కిలో బరువైనా లేని పిల్లలు తట్టుకోలేరు. అందుకని రోజూ పొద్దున ఆ పిల్లల రక్తం చిన్న ట్యూబుల్లో కిందికి వెళ్లేది, కాసేపటికి నంబర్లు పైకి వచ్చేవి. వస్తే సరే. రాకపోతే ఫోను మోగేది.

"రక్తం చాల్లేదు. రిపీట్."

"ఎర్రబారింది, మడమ పిండి తీశారు. రిపీట్."

"ట్యూబు మీద పేరు చెరిగింది. రిపీట్."

నమస్కారం లేదు, ఎలా ఉన్నారు లేదు. ఆ మాట చెప్పి పెట్టేసేది. అలా ఆమె పేరు రిపీటక్క అయింది. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు గానీ ఆమెకి తెలుసు. ఒకసారి ఫోనులో తనే అంది, "నేనే, మీ రిపీటక్కని. రెండో పెట్టె బాబు సోడియం రిపీట్." నేను నాలిక కరుచుకునేలోపు ఫోను పెట్టేసింది.

మాకు ఆమె మీద కోపం ఊరికే కాదు. కింద కూర్చుని రిపీట్ అనడం ఆమెకి ఒక్క మాట. పైన మాకది ఇంకో సూది. ఆ పిల్లల మడమ నా బొటనవేలి గోరంత ఉంటుంది. ఒంట్లో ఉన్న మొత్తం రక్తం ఒక చిన్న కప్పుడు. అందులోంచి ఎంత తీశామో ప్రతి పెట్టె మీదా చీటీ అంటించి చుక్క చుక్క రాసుకుంటాం. మేం ప్రాణంలా దాచుకునే ఆ చుక్కల్ని ఆమె బాగాలేదని పారబోస్తుందని మా వార్డంతా పళ్లు నూరేది. ముందు వరసలో నేను ఉండేదాన్ని.

ఆమె పుట్టుకే అలాంటిదని తర్వాత తెలిసింది. వాళ్ల నాన్న తరాజులు బాగుచేసేవాడట. దుకాణాల వాళ్లు తెచ్చిన తరాజుని మూడు వేరు వేరు రాళ్లతో మూడుసార్లు తూచి, మూడుసార్లూ ముల్లు ఒకేచోట నిలిస్తే తప్ప తన ముద్ర వేసేవాడు కాదట. తొందరపెట్టిన వాళ్లకి తరాజు తిరిగి ఇచ్చేసేవాడట, ముద్ర లేకుండా. ఆయన కూతురు మిషను ముందు కూర్చుంటే ఇంకెలా ఉంటుంది? పొద్దున ఎవరి రక్తమూ ముట్టుకోకముందు, జవాబు ముందే తెలిసిన ద్రవం పోసి మిషనుని పరీక్షించేది. మిషను తప్పు చెబితే దాన్నీ తిట్టేది, మమ్మల్ని తిట్టినట్టే. వాళ్లాయన సిటీ బస్సు నడుపుతాడు. భార్యని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు గేటు దగ్గర మాతో అనేవాడు, "మా ఇంట్లో తలుపుకి తాళం నేను వేస్తాను, ఆవిడ రిపీట్ చేస్తుంది." ఆమె పక్కనే ఉండి వినేది. "పోయినేడు రెండుసార్లు పడలేదు ఆ తాళం. అది కూడా చెప్పండి," అనేది.

ఆమెకి ఇంకో మాట అలవాటు. కొత్తగా చేరిన వాళ్లెవరైనా, మిషను నంబరు ఇచ్చేశాక మీరేం చేస్తారండీ అని అడిగితే, "నంబరు మిషనుది, సంతకం నాది," అనేది. ఆ సంతకం కూడా చూడాలి. ఇంటి పేరుతో సహా ఒక్క అక్షరం మింగకుండా రాసి, కింద గీత గీసేది. చిన్న చీటీ మీద నంబర్లకంటే అదే పెద్దగా కనపడేది.

మూడేళ్ల కిందట నాలుగో పెట్టెలో ఒక పాప ఉండేది. ఇరవై ఎనిమిది వారాలకే పుట్టింది, కిలోకి యాభై గ్రాములు తక్కువ. తల్లి బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి. రోజంతా పెట్టె పక్కన కూర్చుని, గాజులో ఉన్న గుండ్రటి కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టి, ఒక్క వేలు పాప అరచేతికి ఆనించి ఉంచేది. పాపకి మూడో రోజు. గుండె దగ్గర నాళం మూసుకోలేదు.

దాని సంగతి చెప్పాలి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరి పీల్చదు కాబట్టి, రక్తం ఊపిరితిత్తుల దాకా వెళ్లే పని లేకుండా గుండె మీది రెండు పెద్ద నాళాల మధ్య ఒక అడ్డదారి ఉంటుంది. పుట్టాక రెండు మూడు రోజుల్లో అది దానంతటదే మూసుకుపోతుంది. తొందరపడి పుట్టిన పిల్లల్లో చాలామందికి మూసుకోదు. అప్పుడు రక్తం ఆ దారిన వెనక్కి పొంగి ఊపిరితిత్తుల్ని ముంచేస్తుంది. గుండెకి స్టెతస్కోపు ఆనిస్తే సగం తిప్పిన కుళాయిలా సుయ్‌మని చప్పుడు వినిపిస్తుంది. ఈ పాపకి ఆ చప్పుడు వీపు వైపు కూడా వినిపించేది. మిషను మీద ఊపిరి, పొద్దుటికీ సాయంత్రానికీ ఆక్సిజన్ పెంచుకుంటూ పోతున్నాం.

ఆ దారిని మూసే మందు ఉంది. రోజుకొకటి చొప్పున మూడు డోసులు. మొదటిది ముందురోజు ఇచ్చాం. ఆ మందుకి కిడ్నీల మీద చెడ్డ గుణం ఉంది. అందుకని ప్రతి డోసుకి ముందు రక్తం చూడాలి. నంబర్లు బాగుంటే డోసు, లేకపోతే ఆపడం. ఆపితే నాళం తెరిచే ఉంటుంది. కోసి కట్టే ఆపరేషను మా దగ్గర లేదు. ఆరు గంటలు అంబులెన్సులో తీసుకెళ్లాలి. ఆ బరువుతో, ఆ ఊపిరితో ఆ పాప ఆరు గంటల ప్రయాణానికి ఆగదని మా అందరికీ తెలుసు. రెండో డోసు మధ్యాహ్నం మూడింటికి.

రెండింటికి రక్తం తీయడానికి కూర్చున్నాను. రెండు ట్యూబులు కావాలి. ఊదా మూతది రక్తకణాలు లెక్కపెట్టడానికి, ఎర్ర మూతది లవణాలకి. ఊదా మూతలోకి బాగానే వచ్చింది. ఎర్ర మూత పెట్టేసరికి చేతి మీద నరం అణిగిపోయింది. నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. పాప మొహం ముడుచుకుంది. గొంతులో గొట్టం ఉంటుంది కాబట్టి ఆ పిల్లల ఏడుపు వినిపించదు, మొహం ఒక్కటే ఏడుస్తుంది. అప్పటికే ఆ మూడు రోజుల్లో ఎన్నిసార్లు పొడిచానో నా చేతులకి తెలుసు. ఈ నాలుగు చుక్కలు కిందికి పంపితే ఏమవుతుందో కూడా తెలుసు. ఫోను మోగుతుంది. "చాల్లేదు. రిపీట్."

ఆ మాట వినకూడదని, ఊదా మూత విప్పి, అందులోంచి ఆరు చుక్కలు ఎర్ర మూత ట్యూబులోకి వంపాను. రక్తం ఆ పాపదే, రెండూ ఒకే చేతినుంచి వచ్చినవే, ఇందులో తప్పేముంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే తప్పేముందని కూడా అనుకోలేదు, పాపకి మేలు చేశాననుకున్నాను. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టదని తెలుసు. ఎందుకు కట్టదో అంతకుముందు పదకొండేళ్లలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. లోపల గోడలకి ఒక మందు పూసి ఉంటుంది. అది రక్తంలో కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. ఆ మందు తయారయ్యేదే పొటాషియంతో. నేను వంపింది రక్తం ఒక్కటే కాదు.

నలభై నిమిషాలకి ఫోను మోగింది.

"నాలుగో పెట్టె పాప రక్తం ఎవరు తీశారు?"

"నేనే. ఏం, తక్కువుందా?" అన్నాను, వెటకారంగా.

"తక్కువేం లేదు. పొటాషియం ఎనిమిది పాయింట్ తొమ్మిది. కాల్షియం మూడు. ఇది ఆ పాప నంబరు కాదు. రిపీట్."

పొటాషియం అయిదు చుట్టుపక్కల ఉండాలి. ఏడు దాటితే గుండె ఏ నిమిషాన ఆగుతుందో చెప్పలేం. "ఆ పాపది కాకపోతే ఎవరిదక్కా? నా చేత్తో తీశాను, నా చేత్తో పేరు రాశాను."

"రక్తం ఆ పాపదే. నంబరు ఆ పాపది కాదు."

పెద్ద డాక్టరుగారు పక్కనే ఉన్నారు. నా మొహం చూసి ఫోను లాక్కున్నారు. ఆమె గొంతుకి ఫోను అవసరమే లేదు, వార్డులో నలుగురికీ వినపడేది.

"రిపోర్టు పైకి పంపండి," అన్నారాయన.

"నంబరు చెప్పానండీ. చెప్పకపోవడం తప్పు, అందుకని చెప్పాను. రిపోర్టు పంపను. పంపితే సంతకం పెట్టాలి. సంతకం పెడితే నిజమని అర్థం."

"అమ్మా, ఇది మీ నిజాలు తేల్చుకునే టైము కాదు. ఆ పొటాషియంతో పాప బతకదు."

"ఆ పొటాషియం ఉంటే ఈపాటికే బతికుండేది కాదు. మానిటరు మీద గీత ఎలా ఉందో చూడండి. కాల్షియం మూడంటే ఫిట్స్ వస్తూ ఉండాలి. వస్తున్నాయా?"

ఆయన ఫోను పెట్టేశారు. ఆయన చెడ్డవాడు కాదు, తెలియనివాడూ కాదు. ఇంత చిన్న పిల్లల్లో మూత్రం బాగా వస్తున్నా మూడో రోజు లోపు పొటాషియం ఎగబాకుతుందని ఆయన కళ్లారా చూశారు. మానిటరు మీద గీత మారేదాకా ఆగి, ఒకసారి వార్డులో ఒక బిడ్డని పోగొట్టుకున్నారు కూడా. అందుకే ఆగదలచుకోలేదు. "రెండో డోసు ఆపండి. ఇన్సులిన్, గ్లూకోజు కలపండి సిస్టర్," అన్నారు నాతో. ఇన్సులిన్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. పొటాషియం నిజంగా ఎక్కువుంటే ప్రాణం పోస్తుంది. మామూలుగా ఉంటే అది పడిపోతుంది, చక్కెర పడిపోతుంది, గుండె అటునుంచి ఆగుతుంది.

నేను సిరంజి తీసి కలపడం మొదలుపెట్టాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. రిపీటక్క. మూడంతస్తులు, వాటికి తోడు నేలకింది అంతస్తొకటి, మెట్లన్నీ ఎక్కి వచ్చింది. మా లిఫ్టు కోసం నిలబడితే తెల్లారుతుందని ఆమెకీ తెలుసు. రొప్పుతోంది. ల్యాబు వాళ్లు పిల్లల వార్డులోకి రాకూడదని తలుపు మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ కాగితం కిందే నిలబడి చెప్పులు విప్పి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుంది. హెడ్ సిస్టర్ అడ్డం వెళ్లి, "మీరు లోపలికి రాకూడదండీ," అంది. "తర్వాత మెమో ఇవ్వండి, తీసుకుంటాను," అంటూ ఆమెని దాటుకుని నాలుగో పెట్టె దగ్గరికి వచ్చి నిలబడింది.

పాపని చూసింది.

"ఇంతేనా," అంది. "ఇరవై ఆరేళ్లుగా వీళ్ల రక్తం చూస్తున్నాను. మనిషిని చూడటం ఇదే మొదలు."

తల్లి బెదిరిపోయి, "మీరెవరండీ?" అని అడిగింది.

"మీ పాప రక్తం చూసేదాన్నమ్మా. చెయ్యి తియ్యకు, అలాగే ఉండనీ."

తర్వాత డాక్టరుగారి వైపు తిరిగింది. గౌను జేబులోంచి ఎర్ర మూత ట్యూబు తీసి వెలుతురుకి పట్టింది. "ఇది చూడండి. పైన నీరు పసుప్పచ్చగా తేటగా ఉంది. పిండి తీసిన రక్తమైతే ఎర్రగా ఉండేది, అప్పుడు నేను చెప్పకుండానే మీరే రిపీట్ అనేవాళ్లు. ఇది తేటగా ఉంది కాబట్టి అందరూ నమ్ముతున్నారు. కింద గడ్డ చూడండి, సరిగ్గా కట్టనే లేదు. పొటాషియం కొండెక్కి, కాల్షియం అడుగంటి, గడ్డ కట్టలేదంటే ఒకటే దారి. ఊదా మూతలోది ఇందులో పడింది."

నా చెయ్యి ఆగిపోయింది.

"మా వార్డులో అలాంటి పని ఎవరూ చెయ్యరు," అన్నారు డాక్టరుగారు. "వీళ్లందరూ పదేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్నవాళ్లు. మీ ల్యాబులోనే ఏదో కలిసి ఉంటుంది. మీ తప్పు కప్పుకోవడానికి నా పేషెంటుకి మందు ఆపుతున్నారు."

అక్కడ నేను నోరు విప్పాలి. విప్పలేదు. తల్లి నా మొహమే చూస్తోంది. ఆ పాపని పొద్దున్నుంచి రాత్రి దాకా తడుముతున్న చేతులు ఇవే కదా, ఇప్పుడు ఏమని చెప్పను? లోపల ఒక నీచమైన ఆలోచన కూడా వచ్చింది, దాచను. ఒకవేళ ఆ నంబరు నిజమే అయితే నా తప్పు బయటపడక్కర్లేదు కదా అని. బిడ్డ చావు మీద నా పరువు నిలబెట్టుకోవడం అన్నమాట. రెండు మూడు క్షణాలే కావచ్చు. కానీ అనుకున్నాను.

రిపీటక్క నా వైపు చూసింది. చేతిలో సిరంజి వైపు చూసింది. మళ్లీ డాక్టరుగారి వైపు తిరిగింది.

"సరే. మా తప్పే," అంది. "కింద నేనే కలిపాను, చెయ్యి జారింది. రాసుకోండి. ఇప్పుడు మళ్లీ తీయించండి. ఎర్ర మూత ఒక్కటే. సగం మిల్లీలీటరు చాలు. ఇరవై నిమిషాల్లో చెబుతాను. మానిటరు మీద గీత మారితే నాకోసం ఆగొద్దు, మీ మందు ఎక్కించెయ్యండి."

ఇరవై ఆరేళ్లలో ల్యాబు తప్పని ఆమె ఒక్కసారి ఒప్పుకోగా ఎవరూ వినలేదు. డాక్టరుగారు కూడా తడబడ్డారు. మానిటరు వైపు చూశారు. గీత చక్కగా నడుస్తోంది. "ఇరవై నిమిషాలు," అన్నారు. "అప్పుడూ ఎక్కువే వస్తే రేపట్నించి మీరు ఈ ఆసుపత్రిలో ఉండరు."

"ఉండను," అంది ఆమె.

రెండో చేతి మీద తీశాను. ఎలా తీశానో నాకు తెలియదు. ఆ ట్యూబు ఆమె నా చేతిలోంచి తీసుకుని, మూత చూసి, పేరు చూసి, పాప కాలికున్న పట్టీ మీద పేరు చూసి, మళ్లీ ట్యూబు మీద చూసి, పిడికిట్లో పెట్టుకుని మెట్ల వైపు వెళ్లింది.

ఆ ఇరవై నిమిషాలూ డాక్టరుగారు చేతులు కట్టుకుని మానిటరు ముందు నిలబడ్డారు. ఇన్సులిన్ సిరంజి ట్రేలో ఉంది. నేను పాప కాలు పట్టుకుని కూర్చున్నాను. పద్దెనిమిదో నిమిషంలో ఫోను మోగింది.

"పొటాషియం నాలుగు పాయింట్ ఆరు. కాల్షియం ఎనిమిది. సోడియం నూట ముప్పైనాలుగు. కిడ్నీల నంబరు, క్రియాటినిన్ కూడా బాగుంది. సంతకం పెట్టాను, కాగితం వస్తోంది."

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇన్సులిన్ ఆయనే తీసి పారబోశారు. నాలుగింటికి, గంట ఆలస్యంగా, రెండో డోసు ఎక్కించాం. ఆ తర్వాత ఆయన కోపం తిరిగొచ్చింది. తప్పు జరిగినప్పుడు రాసే కాగితం ఒకటి ఉంటుంది, అది తెప్పించి కిందికి పంపారు. అది తిరిగొచ్చింది. "నమూనా ల్యాబులో కలుషితమైంది" అని ఒకే వాక్యం, కింద ఇంటి పేరుతో సహా పూర్తి సంతకం, గీత.

డ్యూటీ దిగాక నేను కిందికి వెళ్లాను. ఆమె మిషను కడుగుతోంది.

"కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు బాగోలేదు," అంది.

నిలబడే ఉన్నాను. "ఎందుకు ఒప్పుకున్నారక్కా?"

"ఎవరు కలిపారో తేలేదాకా ఆయన సూది ఆపడు. తేలేలోపు ఇన్సులిన్ లోపలికి వెళ్లిపోతుంది. నాకు అప్పుడు కావాల్సింది సగం మిల్లీలీటరు రక్తం. ఎవరు చేశారన్న నిజం కాదు."

"నేనే వంపాను."

"తెలుసు. నేను ఊదా మూత అనగానే నీ చెయ్యి ఆగిపోయింది."

నాకు ఏడుపొచ్చింది. "పాపని ఇంకోసారి పొడవలేక చేశానక్కా. మీరు రిపీట్ అంటారని."

ఆమె ఓదార్చలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అంది. "అంటాను. రేపూ అంటాను. నువ్వు నన్ను తిట్టుకుంటూ మళ్లీ పొడవాలి. జాలిపడితే ఇలాగే ఉంటుంది."

"క్షమించండక్కా."

"నాకెందుకు నీ క్షమాపణ? ఆ కాగితం మీద ల్యాబు తప్పని ఉంది. దాన్ని నమ్మితే మీ వార్డులో ఎవరూ ఏమీ మార్చుకోరు. రేపు ఇంకొకరు జాలిపడి వంపుతారు. ఈసారి పట్టుకోవడానికి నేనుంటానా? మూడేళ్లలో రిటైరై పోతాను." ఆగి, కుళాయి కట్టేసింది. "ఇన్నేళ్లలో నేను అబద్ధం మీద సంతకం పెట్టింది అదొక్కటే. అది రిపీట్ చెయ్యాలి. నేను చెయ్యలేను."

నేను పైకి వెళ్లాను. ఈసారి మెట్లు నేను ఎక్కాను.

హెడ్ సిస్టరుకి చెబితే నన్ను పక్కకి లాగింది. "అయిపోయింది కదే. పాప బాగుంది. ల్యాబు వాళ్లు ఒప్పుకున్నారు. మానిన పుండు ఎందుకు గోక్కుంటావ్?"

"మానలేదు సిస్టర్. ఆ కాగితం ఇవ్వండి."

"మెమో వస్తుంది. వార్డు మారుస్తారు. మాకందరికీ మాటొస్తుంది."

"రానీండి."

డాక్టరుగారి గదిలో ఆయన ఎదుటే నిలబడి, ఆమె రాసిన వాక్యం అడ్డంగా కొట్టేసి, కింద రాశాను. ఎర్ర మూత ట్యూబులో రక్తం తక్కువైతే ఊదా మూతలోంచి నేను వంపాను, ఆరు చుక్కలు, పేరు ఇది, టైము ఇది. ఆయన చదివారు. తర్వాత, "పొద్దున ఆవిడని నేను ఉద్యోగంలోంచి పొమ్మన్నాను కదూ," అన్నారు. టైము కూడా తప్పు చెప్పారు, అది మధ్యాహ్నం. నేను దిద్దలేదు.

మూడో డోసు మర్నాడు మూడింటికే పడింది. ఆ తర్వాత రెండు రోజులకి డాక్టరుగారు పాప గుండెకి స్టెతస్కోపు ఆనించి, కళ్లు మూసుకుని విని, వీపు వైపు విని, చెవుల్లోంచి తీసి నాకిచ్చారు. విన్నాను. గుండె కొట్టుకుంటోంది, అంతే. సుయ్‌మనే చప్పుడు లేదు. తల్లి చెవికి కూడా పెట్టాను. ఆ అమ్మాయికి తేడా ఏం తెలుస్తుంది, అయినా చాలాసేపు వింది. ఆక్సిజన్ తగ్గించడం ఆ సాయంత్రమే మొదలుపెట్టాం.

ఆఫీసు కాగితాలు వాటి నడక అవి నడిచి వారానికి వచ్చాయి. నాకు మెమో, దాంతోపాటు మూడు నెలలు కింద కట్లు కట్టే గదికి మార్పు. రిపీటక్కకి కూడా మెమో వచ్చింది, వార్డులోకి చెప్పకుండా వచ్చినందుకు. ఇంకో కాగితం వార్డు గోడకి అంటించారు, ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి చుక్క కూడా వంపకూడదని, ఎర్ర మూత ముందు, ఊదా మూత తర్వాత అని. నేను దిద్దిన తప్పుల కాగితం ఆమె సంతకం కోసం కిందికి వెళ్లింది. కొట్టేసిన వాక్యం ఆమెది కాబట్టి పక్కన ఆమె ఒప్పుకోలు ఉండాలట.

మార్పు ఉత్తర్వు చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా ఫోను మోగింది. ఎత్తాను.

"నేనే. మీ కాగితం వచ్చింది."

నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. టైము తప్పుగా రాశానేమో, చుక్కల లెక్క సరిపోలేదేమో. ఆమె చదువుతున్నట్టుంది, అటునుంచి కాగితం చప్పుడు వినిపించింది. ఒకసారి, మళ్లీ ఒకసారి, మూడోసారి.

"సరిగ్గా ఉంది," అంది. "సంతకం పెట్టాను."

ఫోను పెట్టేసింది. ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని, నాలుగో పెట్టె పాపకి పాలు ఎక్కించే టైమైందని చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.